మూడో తరగతి బాబు 503 − 278 = 375 అంటున్నాడు. తీసివేతలు ఏ పద్ధతిలో నేర్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. బాబు మూడో తరగతి. 503లోంచి 278 తీసెయ్యమంటే 375 వేస్తున్నాడు. "బారో" (పక్క స్థానం నుంచి ఒకటి అప్పు తెచ్చుకోవడం) గురించి మీరు చెప్పారు, ట్యూషన్ టీచరూ చెప్పారు. రెండు రోజులు బాగానే చేసి మళ్ళీ మొదటికొస్తున్నాడు. ఇది చాలదన్నట్టు స్కూల్లో సంఖ్యారేఖ మీద గెంతులు, సంఖ్యల్ని విడగొట్టడం అంటూ మీరు ఎప్పుడూ చూడని పద్ధతులు చెబుతున్నారు. మనం చదువుకున్న నిలువు లెక్కే నేర్పాలా, వాళ్ళ దారిలో వెళ్ళాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. రెండూ కావాలి, కానీ వరుస మార్చండి. కొన్ని వారాలు నిలువు లెక్క పూర్తిగా ఆపేయండి. కూడికకు సంఖ్యను విడగొట్టడం, తీసివేతకు చిన్న సంఖ్య నుంచి ముందుకు లెక్కిస్తూ వెళ్ళడం, ఈ రెండే నేర్పండి. పుల్లలతో, పది రూపాయల నోట్లతో, ఎక్కువగా నోటితో. అవి నిలదొక్కుకున్నాక నిలువు లెక్కకు రండి. అప్పుడది చాలా తొందరగా వస్తుంది, వచ్చాక పోదు.

నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలల్లో చాలా ఏళ్ళుగా లెక్కలు చెబుతున్న టీచర్ని. కింద రాసేదంతా తరగతిలో చూసిందే, ఒకటి రెండు చోట్ల మాత్రం పరిశోధనల మాట ఎత్తుతాను.

ముందు ఆ 375 సంగతి చూద్దాం. 3లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 3 తీసి 5 వేశాడు. 0లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7 వేశాడు. 5లోంచి 2 పోతే 3. అంటే ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీశాడు. ఇది అశ్రద్ధ కాదండీ, వాడు పాటిస్తున్న నియమం. ఆ నియమం చెప్పింది కూడా మనమే. ఒకటో తరగతిలో "ఎప్పుడైనా పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలి" అంటాం కదా, అదే వాడు ఒక్కో అంకెకీ వర్తింపజేస్తున్నాడు.

ఇదే లెక్కకు మరో పిల్ల 325 వేస్తుంది. ఆమెకు సున్నాను 9 చెయ్యాలని గుర్తుంది, 3ని 13 చెయ్యాలనీ గుర్తుంది, 5ని 4 చెయ్యాలన్నది మాత్రం లేదు. ఆ 9 ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనప్పుడు 5 తగ్గాలని ఎలా తడుతుంది? ఇంకొకడు 135 వేస్తాడు. వీడు సున్నా దగ్గర ఏమీ లేదని దాన్ని దాటేసి, నేరుగా 5 దగ్గర ఒకటి తెచ్చి 3ని 13 చేసేశాడు. తర్వాత 0లోంచి 7 తీయడానికి మళ్ళీ అక్కడికే వెళ్ళాడు. 5 కాస్తా 3 అయింది. ముగ్గురికీ జ్వరమే, కారణాలు వేరు. ముగ్గురికీ "బారో సరిగ్గా చెయ్యి" అని ఒకే మాట చెప్తే ఏం లాభం? 1978లో అమెరికాలో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు పిల్లల తీసివేత తప్పుల్ని కంప్యూటర్ ప్రోగ్రాంతో విశ్లేషించి, చాలా తప్పుల వెనుక ఇలాంటి స్థిరమైన తప్పుడు నియమాలే ఉంటాయని చూపించారు. కాబట్టి ఇంటు కొట్టే ముందు "ఇది ఎలా చేశావు నాన్నా, నాకు చెప్పు" అని అడగండి. సమాధానం సరిగ్గా వచ్చినప్పుడు కూడా అడగండి, లేకపోతే "ఎలా చేశావు" అంటే "తప్పు చేశావు" అని వాళ్ళు అర్థం చేసుకుంటారు.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. బాబు ముందు 16 చింతగింజలు పోయండి. లెక్కపెట్టించి, కాగితం మీద 16 అని రాయించండి. 6 మీద వేలు పెట్టి "ఇది ఎన్ని గింజలో చూపించు" అనండి. ఆరు చూపిస్తాడు. తర్వాత 1 మీద వేలు పెట్టి అదే అడగండి. చాలామంది పిల్లలు ఒక్క గింజే చూపిస్తారు. మిగిలిన తొమ్మిది గింజలు ఏమయ్యాయని అడిగితే తెల్లమొహం వేస్తారు. స్థాన విలువ పట్టికలో పదులు, ఒకట్లు అని చక్కగా నింపే పిల్లలు కూడా ఇక్కడ ఆగిపోవడం నాకు మామూలే. మీ బాబు ఇక్కడ ఆగిపోతే నిలువు లెక్క ఎన్నిసార్లు చెప్పినా అది వాడికి అంకెల మీద చేసే తంతుగానే ఉంటుంది. ముందు పది పుల్లల్ని ఒక కట్టగా రబ్బరుబ్యాండు వేసి కట్టడం, కట్ట విప్పడం బాగా చేయించండి. చీపురుపుల్లలు చాలు, దుకాణంలో సెట్లు కొనక్కర్లేదు. కట్టలు వాడే కట్టాలి, మీరు కట్టి ఇస్తే సగం పని పోయినట్టే.

రెండో పరీక్ష ఇంకా చిన్నది. 7కి ఎన్ని కలిపితే 10? 4కి? 13లోంచి 8 పోతే? వేళ్ళు లెక్కపెడుతున్నాడా, వెంటనే చెబుతున్నాడా? వేళ్ళు తప్పు కాదు. కానీ 13 − 8కే వేళ్ళన్నీ తిరిగొచ్చేసరికి అసలు లెక్కలో ఎక్కడున్నాడో మర్చిపోతాడు. పదికి జతలు నోటికి వచ్చేదాకా పెద్ద లెక్కలకు తొందరపడకండి.

కూడిక నుంచి మొదలుపెడదాం. మీ బాబుకు కూడికలు వచ్చని రాశారు కానీ, పిల్లలు 47 + 38 = 715 అని వెయ్యడం నేను ఏటా చూస్తాను. 7, 8 కలిపితే 15, కింద వేసేశారు. 4, 3 కలిపితే 7, పక్కన వేసేశారు. అదే నోటితో అడిగి చూడండి. నలభై, ముప్పై కలిపితే డెబ్బై. ఏడు, ఎనిమిది కలిపితే పదిహేను. డెబ్బై, పదిహేను ఎనభై ఐదు. 715 అని ఏ పిల్లాడూ నోటితో చెప్పడు. పెద్ద స్థానం నుంచి మొదలుపెడితే సమాధానం ఎంతలో ఉంటుందో ముందే తెలుస్తుంది కాబట్టి తప్పు తనంతట తానే బయటపడుతుంది. మూడంకెలకూ ఇదే దారి. 368 + 257 అంటే 500, 110, 15. మొత్తం 625. ఈ మూడు ముక్కల్నీ ఒకదాని కింద ఒకటి రాసుకోనివ్వండి, మొదట్లో అన్నీ తలలో పెట్టుకోమని ఒత్తిడి చెయ్యకండి.

ఇంకో దారి కూడా కొందరు పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పట్టుకుంటారు: 38 బదులు 40 కలిపి, 87 నుంచి 2 తగ్గించడం. పట్టుకుంటే మెచ్చుకోండి. పట్టుకోకపోతే ఇప్పుడే నేర్పకండి. ఎందుకో కిందికి వచ్చాక చెప్తాను.

ఇక తీసివేత. చాలా స్కూళ్ళు, వీడియోలు పొరబడేది ఇక్కడే. కూడికలో బాగా పనిచేసిన విడగొట్టడం తీసివేతలో పిల్లల్ని ముంచుతుంది. 52 − 18 తీసుకోండి. 50లోంచి 10 పోతే 40. తర్వాత 2లోంచి 8... ఇక్కడ మళ్ళీ తిరగేసి 6 వేస్తాడు. 46 అంటాడు. అంటే నిలువు లెక్కలో చేసిన తప్పే అడ్డంగా చేశాడన్నమాట. అందుకే తీసివేతలో రెండు సంఖ్యల్నీ విడగొట్టనివ్వను. ఒక సంఖ్యను ముట్టుకోకుండా ఉంచి, రెండోదాన్నే ముక్కలు చేయాలి. 52లోంచి ముందు 10, అది 42. తర్వాత 2, అది 40. తర్వాత మిగిలిన 6, అది 34. మీ స్కూల్లో సంఖ్యారేఖ మీద వేయిస్తున్న గెంతులు ఇవే. దానికి అంకెలన్నీ గుర్తులు పెట్టిన రేఖ అక్కర్లేదు. ఖాళీ గీత గీసి, కావాల్సిన చోట మాత్రం సంఖ్య రాసుకుంటే సరి. నెదర్లాండ్స్‌లో 1990ల నుంచి చిన్న తరగతుల్లో ఈ ఖాళీ గీతను బాగా వాడుతున్నారు.

దీనికంటే కూడా నాకు ఇష్టమైంది ముందుకు లెక్కించడం. కిరాణా కొట్లో చిల్లర ఇచ్చే పద్ధతే. 503 − 278 అంటే 278 నుంచి 503 దాకా ఎంత దూరమో కనుక్కోవడం. 278కి 2 కలిపితే 280. ఇంకో 20 కలిపితే 300. ఇంకో 200 కలిపితే 500. ఇంకో 3. మొత్తం 225. ఇందులో తీసివేతే లేదు, అంతా కూడికే. సున్నా ఎక్కడుందన్న టెన్షనూ లేదు. పదికి జతలు తెలిస్తే చాలు. అందుకే ముందు వాటి మీద అంత పట్టుబట్టాను.

ఒక సంగతి చెప్పాలి. మా తరగతిలో ఒక పాప ఉండేది. వాళ్ళ నాన్నకు కూరగాయల బండి. సాయంత్రాలు తను కూడా బండి దగ్గర నిలబడేది. వంద నోటు ఇచ్చి ముప్పై ఏడు రూపాయల కూరలు కొంటే అరవై మూడు చేతిలో పెట్టేస్తుంది, క్షణం ఆలోచించదు. అదే 100 − 37 పుస్తకంలో వేస్తే 137 వచ్చింది. వందలోంచి తీసేస్తే వందకంటే ఎక్కువ మిగలడం తనకు వింతగా కూడా అనిపించలేదు, ఎందుకంటే పుస్తకంలో ఉన్నవి తన దృష్టిలో డబ్బులు కావు, సంఖ్యలు కూడా కావు. "ఇది బండి దగ్గర లెక్కే అనుకో" అన్నాక గబగబా 63 అని రాసి, "ఇలా చెయ్యొచ్చా సార్?" అని అడిగింది. 2025లో నేచర్ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరుల అధ్యయనం వచ్చింది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలు అమ్మకాల్లో చిక్కు లెక్కలు నోటితో చేసేస్తారు, బడి తరహాలో రాసిస్తే వాటికంటే తేలికైనవి కూడా చెయ్యలేకపోతారు అని అందులో చూపించారు. బడికి మాత్రమే వెళ్ళే పిల్లల సంగతి తిరగేసి ఉంది: బజారు లెక్కలు ఇస్తే వాళ్ళకు కష్టమైంది. మీ బాబు రెండో రకం అనుకుంటున్నాను. ఈమధ్య ఫోన్‌పే వచ్చాక చిల్లర లెక్కపెట్టే అవకాశమే పిల్లలకు పోయింది. అప్పుడప్పుడైనా నోట్లు ఇచ్చి కొట్టుకు పంపండి.

నోట్లతో ఇంట్లో చేసేటప్పుడు 100, 10, 1 మాత్రమే వాడండి. 20, 50, 500 వద్దు, అవి వస్తే స్థాన విలువ గజిబిజి అవుతుంది. ఆటబొమ్మల నోట్లైనా, మీరు కాగితం మీద రాసినవైనా ఫర్వాలేదు. 503 రూపాయలు ఇవ్వండి: ఐదు వంద నోట్లు, మూడు రూపాయి బిళ్ళలు. 278 ఇవ్వమనండి. ఎనిమిది రూపాయలు లేవు. పది రూపాయల నోట్లూ లేవు. ఏం చేస్తాడు? ఒక వంద మార్చుకుని పది పదులు తెచ్చుకోవాలి, అందులో ఒక పది మార్చుకుని పది రూపాయలు తెచ్చుకోవాలి. చేతిలో ఇప్పుడు నాలుగు వందలు, తొమ్మిది పదులు, పదమూడు రూపాయలు. ఆ 9 ఎక్కడి నుంచి వచ్చిందో వాడి కళ్ళముందే ఉంది. 325 వేసే పిల్లకు, 135 వేసే పిల్లాడికి కూడా ఇక్కడే సంగతి తెలుస్తుంది. నేను "అప్పు" అనే మాట వాడను, "మార్పిడి" అంటాను. మొత్తం డబ్బు మారలేదని ప్రతిసారీ లెక్కపెట్టించండి.

ఇలా నోట్లతో చేస్తూ, ప్రతి అడుగూ పక్కన నిలువు లెక్కలో రాయడం మొదలుపెట్టండి. నోటు మార్చగానే కాగితం మీద అంకె మారాలి. ముందు నోట్లు తర్వాత రాత కాదు, రెండూ ఒకేసారి. ఈ జోడింపు లేకుండా పుల్లలు ఒకరోజు, నిలువు లెక్క ఇంకోరోజు చేయిస్తే పిల్లలకు అవి రెండు వేర్వేరు పాఠాలుగానే మిగిలిపోతాయి.

మధ్యలో సున్నా ఉన్నప్పుడు ఇంకో కిటుకు ఉంది. 503ని 50 పదులు, 3 ఒకట్లుగా చూడొచ్చు. ఒక పది తీసుకుంటే 49 పదులు, 13 ఒకట్లు. 13లోంచి 8 పోతే 5, 49లోంచి 27 పోతే 22. అంటే 225. రెండుసార్లు కొట్టివేతలు లేకుండా ఒక్క మార్పిడితో అయిపోయింది. 503లో ఎన్ని పదులున్నాయని అడిగితే "సున్నా" అనే పిల్లలకు మాత్రం ఇది చెప్పకండి, ముందు 50 అని వాళ్ళు ఒప్పుకోవాలి.

ఇక ఇందాక వాయిదా వేసిన సంగతి. 52 − 18లో 18 బదులు 20 తీసేస్తే 32. ఇప్పుడు 2 కలపాలా, తగ్గించాలా? కూడికలో 38 బదులు 40 కలిపినప్పుడు తగ్గించాం కాబట్టి ఇక్కడా తగ్గించేసి 30 అంటారు పిల్లలు. అసలైతే ఎక్కువ తీసేశాం కాబట్టి తిరిగి ఇచ్చెయ్యాలి, 34. ఈ దిశ తేడా పెద్దవాళ్ళకు చిన్నదిగా కనిపిస్తుంది, మూడో తరగతి పిల్లలకు కాదు. అందుకే సవరించే పద్ధతిని చివర నేర్పుతాను. దానికి బదులు తేడా మారదన్నది చెప్పడం తేలిక. "అమ్మకూ నీకూ వయసు తేడా ఎంత? ఇంకో రెండేళ్ళకు ఎంత?" అని అడగండి. అది ఒప్పుకున్నాక 52 − 18, 54 − 20 ఒకటేనని వాడే అంటాడు. 1000 − 364 లాంటివి 999 − 363 చేసుకుంటే మార్పిడే అవసరం లేదు, 636. నాలుగో తరగతిలో పిల్లలకు ఇది భలే ఇష్టం.

కొన్ని జాగ్రత్తలు కూడా రాస్తాను.

అన్ని పద్ధతులూ ఒకేసారి వద్దు. కొన్ని స్కూళ్ళలో వారానికొక పద్ధతి చెప్పి, ప్రతిదానికీ మార్కులు పెడుతున్నారు. పద్ధతి పేరు బట్టీ పట్టడం ఇంకో భారం అవుతోంది. పిల్లాడికి ఒకటి గట్టిగా వచ్చి, రెండోదాన్ని సరిచూసుకోవడానికి వాడగలిగితే మూడో తరగతికి చాలు. పరీక్షలో ఫలానా పద్ధతిలోనే చెయ్యమంటే అలాగే చెయ్యనివ్వండి, సమాధానాన్ని మాత్రం ముందుకు లెక్కించి సరిచూసుకోమనండి.

ఇంట్లో తాతగారో అమ్మమ్మగారో లెక్కలు చెబుతుంటే వాళ్ళ పద్ధతి ఏంటో ఒకసారి గమనించండి. పాతతరంలో కొందరు పైఅంకెను తగ్గించరు, కింది అంకెకు ఒకటి కలుపుతారు. 52 − 18లో 12లోంచి 8 తీసి 4, కింది 1ని 2 చేసి 5లోంచి తీసి 3. అది కూడా సరైన పద్ధతే. కానీ పిల్లాడు స్కూల్లో నేర్చుకున్నట్టు పైన 5ని 4 చేసి, తాతగారు చెప్పినట్టు కింద 1ని 2 చేస్తే 24 వస్తుంది. సమాధానం సరిగ్గా పది తగ్గి వస్తుంటే కారణం ఇదేమో చూడండి.

ఇంగ్లీషు మీడియం అయినా నోటిలెక్క ఇంట్లో తెలుగులో చెయ్యనివ్వండి. సెవెంటీన్, సెవెంటీ దగ్గర తడబడే పిల్లలు తెలుగులో పదిహేడు, డెబ్బై దగ్గర అంతగా తడబడరు. ఐదువందల మూడును 5003 అని రాయడం మాత్రం తెలుగులోనూ ఉంటుంది, అది గమనించుకోండి.

గళ్ళ పుస్తకం వాడండి. నిలువు లెక్కలో కొన్ని తప్పులకు కారణం అంకెలు వంకరగా, ఒకదాని కింద ఇంకోటి లేకుండా రాయడమే. దానికి ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు.

వేగం కోసం అబాకస్ క్లాసులో చేర్పించమంటారా అని కింద కామెంట్లలో ఒకరు అడిగారు. ఇప్పుడు వద్దంటాను. చింతగింజల పరీక్ష దాటని పిల్లాడికి వేగం నేర్పితే తప్పు ఇంకా వేగంగా చేస్తాడు.

మీరు వెనకబడిపోతున్నాడని కంగారు పడుతున్నారు, అంత అవసరం లేదు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడడానికి కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో రెండో తరగతికి పెట్టింది 99 లోపు తీసివేతలే. కాబట్టి మూడో తరగతిలో సున్నాలున్న మూడంకెల లెక్క దగ్గర ఆగడం పెద్ద విషయం కాదు. రెండంకెల దగ్గరే ఆగుతుంటే మాత్రం అక్కడికే వెనక్కి వెళ్ళండి. ఇన్ని చేశాక కూడా 38, 83లలో ఏది పెద్దదో చెప్పలేకపోతున్నా, పదికి జతలు నెలలు గడిచినా గుర్తుండకపోతున్నా అప్పుడు పిల్లల మానసిక నిపుణుల్ని కలవడం మంచిది. మీరు రాసినదాన్ని బట్టి మీ బాబుది ఆ పరిస్థితిలా లేదు.

మీరు ఇంకో పని చెయ్యండి. ఈ నాలుగు లెక్కలు బాబుకు ఇవ్వండి: 62 − 38, 400 − 156, 503 − 6, 503 − 497. సరైన జవాబులు వరసగా 24, 244, 497, 6. తప్పొచ్చినా సరిచెయ్యకండి. చివరి రెంటినీ ఒకేలా చేశాడా, వేర్వేరుగా చేశాడా చూడండి. 503 − 6కి వెనక్కి లెక్కించి, 503 − 497కి ముందుకు లెక్కిస్తే వాడు సంఖ్యల్ని చూస్తున్నాడని అర్థం. రెండింటికీ నిలువుగా గీతలు గీసి కొట్టివేతలు మొదలుపెడితే చింతగింజల దగ్గర నుంచి మొదలుపెట్టాలి. వాడు వేసిన జవాబులు, ఎలా చేశాడో వాడి మాటల్లోనే ఇక్కడ రాయండి. తప్పు ఏ రకమో చూసి తర్వాత ఏం చేయించాలో చెప్తాను.